40 గిగాబిట్ అని రాసిన రెండు మీటర్ల థండర్‌బోల్ట్ కేబుల్ కొనేముందు

ఇంట్లో మూడు మినీ పీసీలపై ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్ (వర్చువల్ మెషీన్లను, అంటే సాఫ్ట్‌వేర్‌లో నడిచే కంప్యూటర్లను, కలిసి నడిపే యంత్రాల జట్టు) నడుపుతూ, వాటిని వేగంగా డేటా పంపే థండర్‌బోల్ట్ 4 పోర్టుల ద్వారా నేరుగా ఒకదానితో ఒకటి కలుపుకున్నాను. మూడో యంత్రం పై అరలో ఉన్నందున దానికోసం ఆన్‌లైన్‌లో రెండు మీటర్ల కేబుళ్ళు రెండు, ఒక్కొక్కటి 1,150 రూపాయలకు కొన్నాను. పెట్టె మీద 40 గిగాబిట్ అని స్పష్టంగా ముద్రించి ఉంది.

పక్కపక్కనే ఉన్న రెండు యంత్రాల మధ్య నెట్‌వర్క్ వేగాన్ని కొలిచే ఐపెర్ఫ్ 3లో సెకనుకు 18 గిగాబిట్లకు పైగా వేగం వస్తుండగా, మూడోదానికి వెళ్ళే రెండు లింకుల్లోనూ 3 గిగాబిట్లు దాటలేదు. పైగా రీట్రాన్స్‌మిట్ల (దారిలో పోయి మళ్ళీ పంపాల్సి వచ్చిన డేటా) కాలమ్‌లో ప్రతి సెకనుకూ వందల సంఖ్యలు కనబడ్డాయి. వర్చువల్ మెషీన్‌ను ఆ యంత్రానికి మైగ్రేట్ చేస్తే (తరలిస్తే) మధ్యలోనే ఆగిపోయేది. తప్పు నా సెట్టింగుల్లోనే ఉందనుకుని ఎమ్‌టీయూను (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 65520 బైట్లకు పెంచాను, ఐఓఎమ్‌ఎమ్‌యూను (పరికరాలు మెమరీని వాడే తీరును నియంత్రించేది) పాస్‌త్రూ మోడ్‌లో పెట్టాను, ఇంటరప్ట్‌లను (పరికరాలు ప్రాసెసర్‌కు పంపే సంకేతాలు) ప్రాసెసర్‌లోని వేగవంతమైన పెర్ఫార్మెన్స్ కోర్లకు కేటాయించాను, ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నెల్ కూడా మార్చాను. అలా పది రోజులు గడిచాయి.

చివరికి మూడో యంత్రాన్ని కిందికి దించి, బాగా పనిచేస్తున్న పొట్టి కేబుల్‌ను దానికి తగిలించగానే వేగం వచ్చేసింది. పొడవు కేబుల్‌ను మిగతా రెండింటి మధ్య పెడితే అక్కడా 3 గిగాబిట్లే. లైనక్స్ పరికరాల వివరాలను ఫైళ్ళ రూపంలో చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో థండర్‌బోల్ట్ పరికరాల కింద ఒక్కో లేన్ (డేటా వెళ్ళే దారి) వేగాన్ని, లేన్ల సంఖ్యను చూపే ఫైళ్ళు ఉంటాయి. మంచి కేబుల్‌తో అవి 20.0, 2 అని చూపగా, కొత్తదానితో 10.0, 1 అని చూపాయి. అంటే 40 గిగాబిట్ల లింకు అసలు ఏర్పడనే లేదు. మంచి కేబుల్ ప్లగ్ మీద మెరుపు గుర్తు పక్కన 4 అంకె ఉంటుంది. వీటి మీద మెరుపు గుర్తు మాత్రమే ఉంది, అదీ గోటితో గీకితే రాలిపోయింది.

సిగ్నల్‌ను బలపరిచే సర్క్యూట్ లేని ప్యాసివ్ కేబుల్ 40 గిగాబిట్లను సుమారు 0.8 మీటరు వరకే మోయగలదు. రెండు మీటర్లకు ఆ వేగం కావాలంటే యాక్టివ్ కేబుల్ ఉండాలి, దాని ధర ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి రెండు మీటర్ల కేబుల్ ఈ ధరకు కనబడితే అనుమానించండి. 40 గిగాబిట్ల లింకు మీద కూడా నెట్‌వర్క్‌కు దాదాపు సగమే దక్కడం మామూలే, దానికి కేబుల్‌ను తప్పుపట్టనక్కరలేదు. 3 గిగాబిట్లు మాత్రం మామూలు కాదు.

"చార్జింగ్ అవుతోంది, మానిటర్ పనిచేస్తోంది, కాబట్టి లోపం లేదు" అని అమ్మకందారు జవాబిచ్చాడు. ఏడు రోజుల వాపసు గడువు నేను కెర్నెల్‌తో కుస్తీ పడుతుండగానే దాటిపోయింది. కేబుల్ అందిన రోజే సిస్‌ఎఫ్‌ఎస్‌లోని ఆ ఫైళ్ళు చూసి, ఐపెర్ఫ్ ఫలితంతో పాటు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.