చేపల ఐసు పెట్టె: కొన్నేళ్లు వాడాక

వేటకు ముందురోజు రాత్రి గాలాలు, రీళ్లు, ఎర సర్దుకునే హడావుడిలో చాలామంది ఐసు పెట్టెను చివరికి వదిలేస్తారు. నన్నడిగితే ముందు చూడవలసింది దాన్నే. మన నెల్లూరు ఎండల్లో చేపను పట్టడం ఒక ఎత్తు, చెడకుండా ఇల్లు చేర్చడం మరో ఎత్తు. నా దగ్గరున్నది 30 లీటర్ల పెట్టె. రెండు ప్లాస్టిక్ గోడల మధ్య ఫోమ్ నింపి ఉంటుంది. మైపాడు ఒడ్డుకైనా, కృష్ణపట్నం ఉప్పుటేరుకైనా, సోమశిలకైనా దీన్నే తీసుకెళ్తాను.

థర్మోకోల్ పెట్టెలు చవకే కానీ మూలలు త్వరగా విరుగుతాయి, నీచు వాసన ఒక పట్టాన వదలదు. ఈ పెట్టె లోపలి గోడ నున్నగా ఉంటుంది. సబ్బు నీళ్లతో కడిగి, మూత తీసి ఆరబెడితే చాలు. తెల్లవారుజామున వేసిన ఐసు గడ్డ మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి చాలావరకు అలాగే ఉంటుంది.

అయితే ఆ ఘనత పెట్టెదొక్కటే కాదు, రాత్రి చేసే పనిది కూడా. మే నెలలో పగలంతా కాగిన పెట్టెలో నేరుగా ఐసు వేస్తే, అందులో కొంత గోడలను చల్లబరచడానికే కరిగిపోతుంది. అందుకే పడుకునే ముందు ఫ్రీజర్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసాలు రెండు మూడు పెట్టి మూత బిగిస్తాను. సీసాను మాత్రం నిండా నింపకండి, గడ్డకట్టే నీరు ఉబ్బి దాన్ని పగలగొడుతుంది. ఎరకు తెచ్చిన రొయ్యలను వేరే డబ్బాలో మూతపెట్టి ఆ సీసాల పక్కనే ఉంచుతాను. పొద్దున ఐసు గడ్డ వేస్తాను. చేప పడ్డాక అందులో కొంత చితక్కొట్టి దాని చుట్టూ సర్దుతాను. చిన్న ముక్కలు చేప ఒంటిని అంటుకుని త్వరగా చల్లబరుస్తాయి, పెద్ద గడ్డ ఎక్కువసేపు నిలుస్తుంది. కిలో చేపకు కిలో ఐసు ఉండాల్సిందే. పండుగప్ప లాంటి మంచి చేప దొరికిన రోజున ఐసు దగ్గర పిసినారితనం పనికిరాదు.

ఇక లోపాలు. మూత కీలు ఉప్పుగాలికి బిగుసుకుపోయింది, మంచినీళ్లతో కడిగి నూనె చుక్క వేస్తేనే కదులుతోంది. కింద నీళ్లు వదిలే బిరడాకున్న రబ్బరు వాషరు ఎండి బీటలు వారింది, కొత్తది దుకాణంలో విడిగా దొరకలేదు. కొనేముందు విడిభాగాలు దొరుకుతాయో లేదో తప్పక అడగండి. మూత అంచు రబ్బరును పరీక్షించడం సులువు. కాగితం ముక్క ఒకటి మధ్యలో పెట్టి మూత బిగించి లాగండి. అడ్డులేకుండా జారి వచ్చిందంటే చల్లదనం అక్కడినుంచే పోతున్నట్టు. నా పెట్టెకు కీలు వైపు మూలలో అలా జారడం మొదలైంది.

ఒంటరిగా వెళ్లేవారు ఇంతకంటే పెద్దది కొనకండి. ఐసుతో నిండిన పెట్టెను మైపాడు ఇసుకలో మోయడం మాటలు కాదు.