బ్లాక్ సబ్బాత్ తొలి రికార్డు, మా రావులపాలెం లేత్ షాపులో

పార్శిల్లో బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు రికార్డు, అట్ట మూల నలిగి వచ్చింది. పంపినాయనకి ఫోన్ చేస్తే, “పాట నలగలేదు కదండీ” అన్నాడు. అదీ నిజమేనని వదిలేశాను.

ముల్లు పెట్టగానే వాన, దూరంగా చర్చి గంట. బయటా ముసురే. కాలవ గట్టున కొబ్బరాకులు కొట్టుకుంటున్నాయి, ఏ వాన ఏదో తెలీలేదు. అంతలో గిటారు, మూడంటే మూడు స్వరాలు, రేకులు నొక్కే పవర్ ప్రెస్ దిగినట్టు దిగింది.

ఆ మాట ఊరికే అన్లేదండోయ్. ఆ గిటారు వాయించిన టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ కుర్రాడు. కుడిచేతి రెండు వేళ్ల కొసలు మిషన్లో పోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని, పలచటి తీగలు కట్టి వాయించాడు. నా ఎడమ బొటనవేలికీ సగం గోరే ఉంది. అతని తీగ సాగి వణికినప్పుడల్లా ఆ వేలు జివ్వుమంటుంది.

1969 అక్టోబరులో ఈ రికార్డు దాదాపు అంతా ఒక్కరోజులో వాయించేశారు. 1970 ఫిబ్రవరి 13న విడుదల. రోలింగ్ స్టోన్ పత్రికలో లెస్టర్ బాంగ్స్ అనే విమర్శకుడు, క్రీమ్ బ్యాండులాగే ఉంది గానీ ఇంకా నాసిరకమని చీల్చేశాడు. జనం వింటేగా! బ్రిటన్‌లో అమ్మకాల పట్టికలో 8వ స్థానం, అమెరికాలో 23.

రెండో వైపు ‘వార్నింగ్’లో గిటారు సాగదీత మాత్రం నాకూ విసుగే. అప్పుడు టీకి పోతాను.

అట్ట మీద నల్లబట్టల ఆవిడ, వెనక థేమ్స్ ఒడ్డున మేపుల్‌డర్‌హామ్ నీటి మర. మా కుర్రాడు తేరిపార చూసి, “లాకుల దగ్గర పాత రైసు మిల్లా గురువుగారూ?” అన్నాడు.