ఓటు ఊర్లోనా, బతికే కాడనా: వలసోళ్లకు ఏది మేలు?

సర్పంచ్ ఎన్నికలు అయిపోయినా ఈ ప్రశ్న ఆగలేదు. కోస్గి, మద్దూరు, నారాయణపేట దిక్కు నుంచి పట్నం పోయి మేస్త్రీ పని చేసుకునేటోళ్లు ఇప్పటికీ అడుగుతున్నరు: "అన్నా, ఓటు ఊర్లోనే ఉంచాల్నా, ఇక్కడికి మార్చుకోవాల్నా?"

ఊరి ఓటుకు బలం ఎక్కువే. సర్పంచ్ గెలుపు పది ఓట్ల మీద కూడా తేలుతది, అందుకే బస్సులు పెట్టి మరీ పిలిపిస్తరు. ఇందిరమ్మ ఇండ్ల జాబితా చదివేది గ్రామసభలోనే. పంచాయతీ జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతది కాబట్టి, ఓటు పట్నానికి మారిస్తే సర్పంచ్ ఓటు కూడా పోతది. సేద్యం ఊర్లోనే ఉండి ఎండాకాలం మాత్రమే పనికి పోయేటోళ్లు ఓటు కదపొద్దు. కొన్నాళ్లు బయట ఉన్నంత మాత్రాన నివాసం పోదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టమే చెప్తున్నది. అయితే ఊర్లో ఇల్లున్నంత మాత్రాన అక్కడి నివాసి కారని చెప్పేదీ ఆ చట్టమే.

భార్యాపిల్లలతో ఏడాది పొడుగునా బస్తీలోనే ఉండేటోళ్ల సంగతి వేరు. వాళ్లకు నేను చూడమనేది ఒక్కటే: దినాం ఎవరితో పని పడుతున్నది? ట్యాంకర్ కాడ బిందె పట్టుకొని నిలబడేది ఇక్కడ. చిన్నపిల్లను అంగన్‌వాడీకి పంపేది ఇక్కడ. ఒకసారి మోరీ పొంగి నీళ్లు ఇండ్లల్లకు వచ్చినయి. చూడనీకి వచ్చిన లీడర్ మనిషి మోరీ కంటే ముందు అడిగిన మాట, "మీ ఓట్లు ఏ బూత్‌ల ఉన్నయి?" ఎవరి దగ్గరా జవాబు లేదు. మోరీ అట్లనే ఉండిపోయింది.

డివిజన్‌లో వేల ఓట్లుంటయి, ఒక్కరు మారితే ఎవరూ లెక్కచేయరు. బస్తీ బస్తీ కలిసి ఒకే బూత్‌లో చేరాలె. మహారాష్ట్రలోని భివండీ, షోలాపూర్‌లో మన తెలుగోళ్లు కార్పొరేటర్లు అయిన్రంటే అక్కడి ఓటర్లుగా గట్టిగా నిలబడ్డందుకే. ఆడోళ్ల పేర్లు కూడా తప్పకుండా మార్పించాలె.

"రేషన్ పోతదేమో" అని భయపడేటోళ్లు చాలామంది. పోదు, ఉన్నకాడనే తీసుకోవచ్చు. పట్టా పాస్‌బుక్కుకు, ఓటుకు సంబంధమే లేదు. భవన నిర్మాణ కార్మికుల కార్డుకు అడిగేది ఓటు కాదు, ఏడాదిలో 90 రోజుల పని. ఊర్లో ముసలోళ్ల ఓటు, పింఛన్ ఎక్కడివక్కడే ఉంటయి.

రెండు చోట్లా ఉంచుకుందామనేటోళ్లు ఆ ఆలోచన మానుకోండి. వేరే చోట ఓటు లేదని తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు. పోయిన చోటి నుంచే ఊరి ఓటు వేసే మిషన్ ప్రతిపాదనను ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీల ముందు పెట్టింది గానీ, చాలా పార్టీలు ఒప్పుకోలేదు.

మార్చుకోవాలంటే ఫారం 8 నింపాలె. కిరాయి కాగితం లేదని ఆగొద్దు, ఇక్కడి అడ్రస్‌తో ఉన్న ఆధార్, గ్యాస్ బిల్లు, బ్యాంకు పాస్‌బుక్కు నడుస్తయి. అసలు ఇల్లే లేనోళ్లకు కాగితం అడగరు. రాసిచ్చిన చోట పండుకుంటున్నరా లేదా అని బీఎల్‌ఓ (బూత్ ఓటరు జాబితా చూసే అధికారి) రాత్రిపూట వచ్చి చూడాలె. ఎన్నికలు దగ్గరపడేదాకా మాత్రం ఆగకండి, నామినేషన్ల గడువు దాటినంక కొత్త పేరు చేర్చరు.