అంబాసిడర్ హెడ్‌లైట్లు: రిలే కిట్టుతో ఐదేళ్లు

మా ఇంట్లో ఉన్నది 1986 నాటి అంబాసిడర్ మార్క్ 4. వారానికి రెండుసార్లయినా దాని మీద అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా మండపేట వెళ్లివస్తాను, తిరుగు ప్రయాణం ఎక్కువగా పొద్దుపోయాకే. ఒక పక్క కాలవ, మరో పక్క చేలు ఉన్న గట్టు రోడ్డు మీద, కోతల రోజుల్లో సగం మేర ఆరబోసిన ధాన్యాన్నీ, వెనక దీపం లేని ట్రాక్టరు తొట్టినీ, తారులో కలిసిపోయే గేదెలనూ తప్పించుకుంటూ నడపాలంటే పాత దీపాలు చాలవని చాలా ఏళ్ల కిందటే తెలిసింది. ఏం చేయాలన్నది మాత్రం ఆలస్యంగా తెలిసింది.

మొదట అందరూ చేసే పొరపాటే నేనూ చేశాను. హాలోజన్ బల్బు స్థానంలో పట్టే తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు కొని పెట్టించాను. ఇంటి ముందు గోడ మీద చూస్తే పట్టపగలులా ఉంది. మూడో రోజు రాత్రి ఎదురుగా వచ్చిన ట్రాక్టరు అబ్బాయి బండి ఆపి, "మీ లైటుకి గట్టు కనపళ్లేదండి, కాలవలోకి పోయేవాణ్ణండి" అన్నాడు. కోపంగా కాదు, భయంగా అన్నాడు. డూమ్ (హెడ్‌లైటు గిన్నె) లోపలి అద్దం వంపు, గాజు మీది గీతలు హాలోజన్ తీగ ఉండే చోటును బట్టి లెక్కకట్టి చేసినవి. వెలుగు పుట్టే చోటు కాస్త జరిగితే డిమ్‌లో కూడా కాంతి పైకి చెదిరి ఎదుటివారి కళ్లలో పడుతుంది, మన రోడ్డు మీద మాత్రం మచ్చలుగా పడుతుంది. మర్నాడే తీయించేశాను.

అసలు జబ్బు బల్బులో లేదని మల్టీమీటర్ పెట్టాక తేలింది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.4 వోల్టులుంటే, బల్బు పిన్ను దగ్గర 11.2 మాత్రమే ఉన్నాయి. విద్యుత్తంతా డ్యాష్‌బోర్డు స్విచ్చికీ, అక్కడి నుంచి డిమ్, బ్రైట్ మార్చే డిప్పర్‌కూ, మళ్లీ ముందుకూ సన్నటి పాత వైర్లలో ప్రయాణం చేసి దారిలోనే నీరసించిపోతోంది. హాలోజన్ బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు సుమారు 30 శాతం పోతుంది కనుక, మేము డబ్బు పెట్టి కొన్న వెలుగులో దాదాపు సగం వైర్లలోనే ఆవిరైపోతోందన్నమాట.

అందుకని 2020లో చేయించిన పని ఇది. బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి వైరు, దాని మొదట్లోనే ఫ్యూజు, డిమ్‌కొకటి బ్రైట్‌కొకటి రెండు రిలేలు, అంటే కొద్దిపాటి కరెంటు తగలగానే పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు. పాత స్విచ్చి ఇప్పుడు రిలేను లేపే పని మాత్రమే చేస్తుంది. ఏడంగుళాల డూములు కొత్తవి, గాజువి వేయించాను, ఎందుకంటే పాతవాటి వెండిపూత సముద్రపు గాలికి పొక్కిపోయింది. బల్బులు మామూలు 60/55 వాట్లవే. 100/90 వేద్దామన్న సలహాను వినలేదు, వేడికి హోల్డర్లు కరుగుతాయి, చట్టమూ ఒప్పదు. బ్యాటరీని ఛార్జి చేసే పాత డైనమోకు బదులు ఆల్టర్నేటర్ అంతకు ముందే ఉంది. డైనమో ఉంటే ఈ మార్పు సగమే ఫలిస్తుంది, ఇంజను నెమ్మదిగా తిరిగితే అది చాలినంత కరెంటు ఇవ్వదు కనుక గేటు దగ్గర బండి ఆగినప్పుడల్లా దీపాలు కునుకుతూనే ఉంటాయి.

ఇప్పుడు బల్బు దగ్గర 13.0 వోల్టులు వస్తున్నాయి. గేదె కొమ్ముల కంటే ముందుగా కాళ్లు కనపడుతున్నాయి. నాకు కావలసింది అదే.

ఐదేళ్లలో లోపాలూ తెలిశాయి. మూడో ఏట వానాకాలంలో ఒక రిలే పోయింది. విప్పి చూస్తే పిన్నులు ఆకుపచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. రిలేను పిన్నులు పైకి ఉండేలా బిగించిన మా మేస్త్రిదీ, చూసీ ఊరుకున్న నాదీ తప్పు. కిందికి తిప్పి బిగించాక నీరు నిలవలేదు. ఎర్తు వైరును ఫెండరుకు కాక నేరుగా బ్యాటరీకి కలపమని మాత్రం గట్టిగా చెబుతాను, తుప్పు పట్టిన రేకు ఎర్తుగా పనికిరాదు.

ఎత్తు సరిచూసుకోకపోతే ఇదంతా వృథా. చదునైన నేల మీద గోడకు పది మీటర్ల దూరంలో బండి నిలిపి, దీపం మధ్యభాగం ఎత్తుకు పది సెంటీమీటర్లు కిందగా డిమ్ వెలుగు అంచు పడేలా తిప్పించాను. పెళ్లికి వెనక సీట్లో నలుగురు కూర్చుంటే స్ప్రింగు పట్టీలు కుంగి బండి ముక్కు లేస్తుంది, అప్పుడు ఎదుటివారు దీపం మిణుకు మిణుకుమనిపించి తిడతారు. దానికి నా దగ్గర మందు లేదు, వేగం తగ్గించుకోవడం తప్ప.

వెనక దీపాలకు మాత్రం ఎల్‌ఈడీలు ఉంచుకున్నాను, ఎర్ర గాజు వెనక ఎర్ర ఎల్‌ఈడీయే. బ్రేకు నొక్కగానే వెలుగుతుంది, జొన్నాడ వంతెన మీద లారీల మధ్య ఆ తేడా తెలుస్తుంది. ఇండికేటర్లకు కూడా అవే వేయగానే, వాటిని ఆర్పుతూ వెలిగించే పాత ఫ్లాషర్ కొట్టుకోవడం మానేసింది. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కొనక తప్పలేదు.

ధనుర్మాసపు మంచులో బ్రైట్ వేస్తే ఎదుట తెల్ల గోడ తప్ప మరేమీ లేదు, డిమ్మే శరణ్యం. వరి ఈనే రోజుల్లో పచ్చదోమ గుంపులుగా వచ్చి గాజుకు అతుక్కుపోతుంది కనుక డిక్కీలో నీళ్ల సీసా, పాత పంచె ముక్క ఎప్పుడూ ఉంటాయి. కొత్తపేట దాటగానే ఒకసారి దిగి తుడుస్తాను.