స్టెప్నీ లేని కారుతో కోనసీమ

కోనసీమ చూడటానికి మాఘమాసం మంచి కాలం. ఎండ ముదరదు, కాలవల్లో నీళ్ళుంటాయి, సంక్రాంతి రద్దీ తగ్గిపోతుంది. కానీ మీ కారుకి రన్ ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) ఉంటే ఇది చదివాక బయల్దేరండి. గుళ్ళు, కొబ్బరి తోటల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది టైర్ల గురించి, ఒక దిక్కుమాలిన లాడ్జి గురించి, నా చేత 86,000 ఖర్చు పెట్టించబోయిన ఒక షాపు గురించి. ఆ డబ్బులో సగానికి కాస్త పైగా తీసుకుని పని పూర్తి చేసిన భీమవరం టైర్ల షాపాయన గురించి కూడా.

మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న జర్మన్ కారు. డిక్కీలో స్టెప్నీ లేదు, పెట్టుకోవడానికి గుంట కూడా లేదు. ఆ చోటులో బ్యాటరీ ఉంటుంది. టైరులో గాలి మొత్తం పోయినా గట్టి సైడ్ వాల్ (టైరు పక్క గోడ) బరువు మోస్తుందని, 80 కిలోమీటర్ల వేగం మించకుండా 80 కిలోమీటర్ల దూరం వెళ్ళొచ్చని కంపెనీ లెక్క. ఐరోపాలో అది సరిపోతుంది, 80 కిలోమీటర్లలో ఎక్కడో ఒకచోట సరైన షాపు తగులుతుంది. మన దగ్గర ఆ గట్టి సైడ్ వాల్ వల్ల రోజూ కనిపించేది వేరే ఫలితం. ప్రతి గుంతా, ప్రతి స్పీడ్ బ్రేకరూ నేరుగా వెన్నులోకి వస్తుంది. మా అత్తయ్యగారికి నడుం నొప్పి. రావులపాలెం దాటేసరికే ఆవిడ మాట్లాడటం మానేశారు. అత్తయ్యగారు మాట్లాడకపోతే మా ఆవిడ నాతో మాట్లాడదు. మా బావమరిది మాత్రం ముందు సీట్లో కూర్చుని పాటలు మారుస్తూ ఉన్నాడు.

మొదటి రోజు ఏ ఇబ్బందీ లేదు. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామిని చూశాం, ఆత్రేయపురంలో బెల్లం పూతరేకులు పది 250కి కొన్నాం, రాత్రి అమలాపురంలో 1,900 గదిలో హాయిగా పడుకున్నాం. పొద్దున్నే అంబాజీపేటలో పనసాకుల బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తిన్నాం. నలుగురికీ కలిపి 240. ఈ యాత్రలో పెట్టిన డబ్బుకి అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చింది అదే. అల్లం పచ్చడి రెండోసారి అడిగితే మొహం చిట్లించకుండా వేశారు.

అప్పనపల్లి బాలబాలాజీ దర్శనం అయ్యాక, చీకటి పడే వేళ కాలవ గట్టు రోడ్డు మీద రాజోలు వైపు వస్తున్నాం. ఎదురుగా కొబ్బరికాయల లారీ, పూర్తి లైట్లు వేసుకుని. ఆ రోడ్ల మీద పక్కకి జరగడానికి చోటెంత ఉంటుందో తెలిసిందే కదా, ఒక పక్క కాలవ, ఇంకో పక్క పొలం. జరిగినంతలోనే తూము అంచు మీదికి ఎడమ ముందు చక్రం ఎక్కి దబ్బున పడింది. నిమిషంలో డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. టైరులో గాలి పోయింది.

ఇక్కడ రన్ ఫ్లాట్‌కి దక్కాల్సిన మాట చెప్పాలి. మామూలు టైరు అయితే ఆ చీకట్లో, ఆ గట్టు మీద, ఇద్దరు ఆడవాళ్ళని దించి జాకీ వేయాల్సి వచ్చేది. అదీ స్టెప్నీ ఉంటేనే. మేం 50 వేగంతో రాజోలు దాకా సుమారు 15 కిలోమీటర్లు దిగకుండా వెళ్ళిపోయాం. స్టీరింగ్ కాస్త ఒక పక్కకి లాగింది, అంతే. రన్ ఫ్లాట్ల వల్ల నాకు జరిగిన మేలు ఇదొక్కటే, దాన్ని కాదనను.

రాజోలులో లాడ్జి ముందే మాట్లాడుకున్నాం. దిండి రిసార్ట్‌లో గదులు దొరకలేదు, అంతర్వేది తీర్థం రోజులు. ఫోన్లో 1,800 అన్న గది, మేం వెళ్ళేసరికి 3,200 అయింది. ఎందుకండీ అంటే "తీర్థం కదండీ" అన్నాడు కౌంటర్‌లో ఉన్న కుర్రాడు, అక్కడితో మాట అయిపోయినట్టు. ఏసీ తిరుగుతుంది గాని చల్లబడదు. గీజర్ బటన్ ఉంది, గీజర్ లేదు. వేడినీళ్ళు బకెట్ 50. అత్తయ్యగారి మంచం పరుపు మధ్యలో గుంత, నడుం నొప్పి ఉన్న మనిషికి ఇంతకంటే శిక్ష ఉండదు. అర్ధరాత్రి ఆవిడ చాప అడిగి నేల మీద పడుకున్నారు. కారు షెడ్డులో పెట్టినందుకు పొద్దున్న బిల్లులో మరో 100. రసీదు ఇవ్వమంటే పుస్తకం అయిపోయిందన్నారు. తీర్థం రోజుల్లో వెళ్ళేవాళ్ళు ముందే డబ్బు ఫోన్‌పే చేసి, రేటు మెసేజ్‌లో రాయించుకోండి. లేదా నరసాపురంలోనో, పాలకొల్లులోనో దిగండి.

తెల్లారాక చూస్తే టైరు పక్కన రెండు వేళ్ళు పట్టేంత కోత. కుడి ముందు టైరుకి ఉబ్బు. అది ఎప్పటిదో మరి. లాడ్జి ఎదురుగా ఉన్న పంక్చర్ షాపు బాబాయ్ చక్రం చుట్టూ ఒకసారి తిరిగి, వంగి టైరు మీద అక్షరాలు చదివి, "ఇది నా మెషిన్ మీద ఊడదండి. బలవంతంగా లాగితే రిమ్ము గీసుకుపోతుంది, తర్వాత మీరే బాధపడతారు" అన్నాడు. ఐదు నిమిషాలు చూసినందుకు ఇరవై ఇస్తే తీసుకోలేదు. పైగా సైడ్ వాల్ తెగిన టైరుకి ప్యాచ్ వేయించొద్దని గట్టిగా చెప్పాడు. అది రన్ ఫ్లాట్‌కే కాదు, ఏ టైరుకైనా వర్తించే మాట.

కారు కంపెనీ సహాయం నంబరుకి ఫోన్ చేస్తే, లారీ మీద విజయవాడ తీసుకెళ్తాం, టైర్లు రావడానికి రెండు రోజులు పడుతుంది అన్నారు. ఒక్కో రన్ ఫ్లాట్ 21,500. దానికి నేను ఒప్పుకోలేదు. అత్తయ్యగారినీ మా ఆవిడనీ 2,200కి మాట్లాడిన టాక్సీలో అంతర్వేది పంపించాను. నేనూ బావమరిదీ కారు తీసుకుని చించినాడ వంతెన దాటి పాలకొల్లు వచ్చాం. సఖినేటిపల్లి నుంచి పంటు (కార్లని కూడా ఎక్కించుకునే పడవ) మీద గోదావరి దాటుదామని వాడికి సరదా. గాలి లేని చక్రంతో పంటు ఎక్కే బల్లల మీదికి ఈ కారు ఎక్కించే ధైర్యం నాకు లేదు. అప్పటికి కంపెనీ చెప్పిన ఆ 80 కిలోమీటర్లలో 35 అయిపోయాయి.

పాలకొల్లులో పెద్ద షాపే. గాజు తలుపులు, సోఫా, కాఫీ. వాళ్ళు కూడా నాలుగూ రన్ ఫ్లాట్లే వేయాలన్నారు, 86,000. మామూలువి వేస్తే కుదరదా అంటే, కారు కంప్యూటర్ ఒప్పుకోదు, గాలి దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ రాదు అని షాపాయన వరసగా మూడు చెప్పాడు. మా ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి అక్కడే నిలబడి ఫోన్ చేశాను. టైరు సైజు మార్చకపోతే అలాంటిదేమీ లేదన్నాడు. షాపాయనకి ఆ మాట వినిపించేలా స్పీకర్ పెట్టాను. అప్పుడు ఆయన అడ్వాన్సు 10,000 కట్టి వెళ్ళి, ఎల్లుండి రమ్మన్నాడు. కాఫీ తాగి వచ్చేశాం.

భీమవరం అక్కడికి 20 కిలోమీటర్ల పైమాటే. రొయ్యల, చేపల చెరువుల డబ్బు తిరిగే ఊరు, ఇలాంటి కార్లు అక్కడ కొత్త కాదు. బస్టాండుకి కాస్త దూరంలో రేకుల షెడ్డు, సోఫా లేదు, కానీ లోపల సాయం చేతులున్న టైరు మెషిన్ ఉంది. రన్ ఫ్లాట్ గోడ గట్టిగా ఉంటుంది కాబట్టి ఆ అదనపు చేతులు లేకుండా దాన్ని రిమ్ము నుంచి దించలేరు. మీరు వెళ్ళే షాపులో మొదట చూడాల్సింది అదే.

ఆ షెడ్డు షాపాయన మాట్లాడిన తీరు నాకు నచ్చింది. ముందు టైరు మీద ఉన్నదంతా చదివి చెప్పాడు. బీఎండబ్ల్యూ కార్ల కోసం వచ్చే రన్ ఫ్లాట్ల మీద ఆర్ఎస్సీ అని ఉంటుంది, బ్రిడ్జ్‌స్టోన్ అయితే ఆర్ఎఫ్‌టీ అని, మిషెలిన్ అయితే జెడ్‌పీ అని. తర్వాత తయారీ తేదీ చూపించాడు. చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మా టైర్లు ఆరేళ్ళు దాటినవి. "గుంత తగలకపోయినా మార్చాల్సినవేనండి ఇవి" అన్నాడు.

గాలి దీపం సంగతి అడిగాను. మా కారులో గాలి కొలిచే సెన్సర్ టైరు లోపల లేదట. నాలుగు చక్రాలు తిరిగే వేగాన్ని బ్రేకుల ఏర్పాటులోని ఏబీఎస్ సెన్సర్లు పోల్చి చూస్తాయి, గాలి తగ్గిన చక్రం కాస్త చిన్నదై ఎక్కువ చుట్లు తిరుగుతుంది, దాన్ని బట్టి దీపం వెలుగుతుంది. కాబట్టి ఏ టైరు వేసినా పనిచేస్తుంది, గాలి నింపాక మెనూలో రీసెట్ కొట్టి కాసేపు నడిపితే చాలు. వాల్వుతో కలిసి లోపల సెన్సర్ ఉండే కార్లలో అయితే పాత సెన్సర్ విరక్కుండా తీసి మళ్ళీ బిగించాలి. ఆ పని తెలిసినవాడి చేతికే ఇవ్వాలి.

రెండు మార్చి రెండు ఉంచుదామని బావమరిది సలహా. షాపాయన ఒప్పుకోలేదు. గట్టివి రెండు, మెత్తవి రెండు కలిపితే బ్రేకు వేసినప్పుడూ మలుపు తిరిగినప్పుడూ కారు ఒక్కలా నడవదు, నాలుగూ ఒకే రకం ఉండాలి, లేకపోతే వేయనన్నాడు. సైజు అదే, 225/50 ఆర్ 17. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె, లోడ్ ఇండెక్స్, పాత టైరు మీద 94, కొత్తదాని మీద 98. సమానంగానో ఎక్కువగానో ఉండాలి, తగ్గకూడదు.

ఖర్చు ఇదీ: టైరు 11,800 చొప్పున నాలుగు 47,200. బిగింపు, బాలెన్సింగ్ చక్రానికి 350 చొప్పున 1,400. కొత్త వాల్వులు 400. అలైన్‌మెంట్ 800. మొత్తం 49,800. వెనక రెండు పాత టైర్లకి 3,000 తగ్గించి 46,800 తీసుకున్నాడు. జీఎస్టీ బిల్లు ఇచ్చాడు. రెండు గంటల పని. జాకీ పెట్టేటప్పుడు కారు అంచు కింద ఉండే రబ్బరు దిమ్మలు వెతికి అక్కడే పెట్టాడు, బోల్టులు గన్‌తో బాదకుండా టార్క్ రెంచ్‌తో బిగించాడు. ఈ రెండూ పెద్ద పెద్ద షోరూముల్లో కూడా అందరూ చెయ్యరు.

సాయంత్రం అందరం పాలకొల్లులో కలుసుకుని క్షీరారామం గోపురం చూసి అమలాపురం బయల్దేరాం. పాత రోడ్లే, పాత గుంతలే. కానీ దెబ్బ మెత్తగా తగిలి పోతోంది. స్టీరింగ్ తేలికైంది, టైర్ల హోరు తగ్గింది. మలుపుల్లో ముందున్న బిగుతు కొంచెం పోయిన మాట నిజమే, కొంచెం ఒరుగుతుంది. వేగంగా నడిపేవాళ్ళకి అది లోటుగా అనిపించవచ్చు. చించినాడ వంతెన దగ్గర వెనక సీట్లో చూస్తే అత్తయ్యగారు నిద్రపోతున్నారు. రాజోలు దాటాక లేచి, "ఏం నాన్నా, కారు మార్చావా" అన్నారు. మా ఆవిడ నవ్వింది. ఇల్లు వదిలాక మొదటిసారి.

తిండి విషయంలో ఒక హెచ్చరిక. హైవే పక్కన ఒక హోటల్‌లో పులస పులుసు ప్లేటు 1,500 అని బోర్డు పెట్టారు. గోదావరికి వరద నీరు వచ్చే ఆషాఢ శ్రావణాల్లో ఏటికి ఎదురీదే చేప అది. మాఘంలో పులస ఏమిటండీ అని అడిగితే, "ఫ్రిజ్‌లో పెట్టిందండీ" అన్నాడు. బావమరిది తింటానన్నాడు, తిన్నాడు, ముళ్ళు తీసుకుంటూ గంట కూర్చున్నాడు. పక్క బల్ల మీద మేం తిన్న 180 రూపాయల భోజనం, గోంగూర, పనసపొట్టు కూర, దానికంటే వంద రెట్లు నయం.

మామూలు టైర్లకి మారితే స్టెప్నీ లేని లోటు మీదే. 2020లో కేంద్రం నిబంధన సడలించింది. గాలి చూపించే ఏర్పాటూ, రిపేర్ కిట్టూ ఉన్న ట్యూబ్‌లెస్ టైర్ల కార్లకి స్టెప్నీ తప్పనిసరి కాదు. అంటే కిట్ మీ దగ్గర ఉండాలి. నేను భీమవరంలోనే కారు సాకెట్‌కి తగిలించే కంప్రెసర్ 2,400కి, ప్లగ్గుల కిట్ 350కి కొన్నాను. చక్రం లాక్ బోల్టు తాళం డిక్కీ పనిముట్ల ట్రేలో ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి, అది లేకపోతే ఏ షాపువాడూ చక్రం ఊడదీయలేడు. సైడ్ వాల్ తెగితే మాత్రం ఈ కిట్ ఏదీ పనికిరాదు, లారీయే దిక్కు. అందుకే రాత్రి పూట గట్టు రోడ్లు వద్దంటాను.

తిరుగు ప్రయాణంలో కడియం నర్సరీల దగ్గర వెనక చక్రంలో మేకు దిగింది. దీపం వెంటనే వెలిగింది, రీసెట్ సరిగ్గా పనిచేస్తోందని అలా తెలిసింది. కంప్రెసర్‌తో గాలి నింపుకుని అర కిలోమీటరు నడిపితే రోడ్డు పక్కన పంక్చర్ షాపు. పది నిమిషాల్లో ప్లగ్గు వేసి 150 తీసుకున్నాడు. ఆ పది నిమిషాల్లో అత్తయ్యగారు ఆరు మొక్కలు కొన్నారు, 720.