గ్లాస్టన్‌బరీ ప్యాకేజీ వద్దు, ఏవ్‌బరీ వదలొద్దు

ఇంగ్లండ్‌లో విక్కన్ల (ప్రకృతిని కొలిచే, మంత్రవిద్యని పాటించే ఆధునిక మతం వాళ్లు) మేబన్ అనే కోతల పండగ చూడాలనుకుంటే ముందు ఈ సంగతి తెలుసుకోండి. "పండగ ప్యాకేజీ" అనే బసలకి డబ్బు కట్టకండి. గ్లాస్టన్‌బరీ ఊళ్లో మా ముగ్గురికీ ఒక రాత్రికి 165 పౌండ్లు తీసుకున్నారు. గది, పూజ, కోతల విందు అన్నీ అందులోనే అన్నారు. తీరా వెళ్లాక పూజకి మనిషికి మరో 20 పౌండ్లట. విందంటే డబ్బా గుమ్మడి సూపు, రెండేసి బ్రెడ్ ముక్కలు. హీటర్ పనిచేయడం లేదంటే, "ప్రకృతికి దగ్గరగా ఉండాలి కదా" అనేసి వెళ్లిపోయింది ఓనరు. మా అత్తగారు శాలువా బిగించి కప్పుకుని తెల్లారేదాకా మాట్లాడలేదు. ఆవిడ ముఖం చూసి మా ఆవిడకీ కోపమే.

అక్కడి టార్ కొండ, చాలిస్ వెల్ అనే ఊటబావి మాత్రం బాగున్నాయి.

మర్నాడు గంటన్నర డ్రైవ్ చేసి ఏవ్‌బరీ వెళ్లాం. నాలుగు వేల ఏళ్లకు పైబడిన రాళ్ల వలయం, దాని లోపలే ఊరు. టికెట్ లేదు, పార్కింగ్‌కే డబ్బు. రాళ్లని ముట్టుకోవచ్చు కూడా.

విక్కన్లకి కోతల పండగలు మూడు: ఆగస్టు 1న ధాన్యానికి, సెప్టెంబర్ 22 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే వేళ పండ్లకి, అక్టోబర్ 31న చివరి కోతకి. మధ్యదానికి మేబన్ అన్న పేరు 1970ల్లో అమెరికన్ ఎయిడన్ కెల్లీ పెట్టాడు. చాలామంది తమ బృందంలోనే చేసుకుంటారు కాబట్టి బయటివాళ్లకి ఏవ్‌బరీలో జరిగేలాంటి బహిరంగ వేడుకలే దారి. ఇక్కడికి డ్రూయిడ్లూ (ప్రాచీన కెల్టిక్ పూజారుల బాటలో నడుస్తామనేవాళ్లు) వస్తారు, విక్కన్లూ వస్తారు.

వేడుకలో మమ్మల్నీ చేతులు పట్టుకుని మనుషుల వలయంలో నిలబడమన్నారు. తూర్పున గాలిని, దక్షిణాన నిప్పుని, పడమట నీటిని, ఉత్తరాన భూమిని పిలిచారు. నడుమ పరిచిన గుడ్డ మీద యాపిళ్లు, బ్లాక్‌బెర్రీలు, గోధుమ గడ్డితో అల్లిన బొమ్మ. ఒక పెద్దావిడ యాపిల్‌ని అడ్డంగా కోసి, గింజల గదులు ఐదు కోణాల నక్షత్రంలా ఉండటం చూపించి, ఆ చెక్కని మా అత్తగారి చేతిలో పెట్టింది. "మంత్రగత్తెల పండక్కా నన్ను తీసుకెళ్తున్నారు?" అని దారంతా సణిగిన మనిషి, దాన్ని కళ్లకద్దుకుని తిన్నారు. తర్వాత సైడర్ (యాపిల్ రసం పులియబెట్టిన పానీయం) కొంచెం నేలకి పోసి, మిగతాది, బ్రెడ్డూ అందరికీ పంచారు. ఎవరూ ఒక్క పెన్నీ అడగలేదు.

రాత్రికి స్విండన్‌లో 68 పౌండ్లకే శుభ్రమైన గది దొరికింది. అక్కణ్నుంచి ఏవ్‌బరీకి బస్సు కూడా ఉంది. వెళ్లేటప్పుడు పంచడానికి పండ్లో రొట్టో తీసుకెళ్లండి, అడక్కుండా ఫొటోలు తీయకండి. వేడుక మొదలయ్యాక మనుషుల వలయం దాటి బయటికి రాకండి. తప్పనిసరైతే పక్కవాళ్లకి చెప్పండి, వాళ్లే దారి తెరుస్తారు.