భోజనానికి వంక లేదు, పేచీ అంతా బిల్లు దగ్గరే

డల్లాస్‌లో ఓ రెస్టారెంట్, పేరు వద్దులెండి. బిర్యానీ బాగుంది, సర్వ్ చేసిన అమ్మాయి గ్లాసు సగం అవ్వగానే అడక్కుండానే నీళ్లు నింపింది. కానీ ఆరుగురం వెళ్లామని 18 శాతం సర్వీస్ ఛార్జ్ బిల్లులో ముందే కలిపేశారు, అదీ చీమ తలకాయంత అక్షరాల్లో, పైగా కార్డు మిషన్ మీద మళ్లీ 20, 22, 25 శాతం టిప్ బటన్లు! చూసుకోకపోతే రెండుసార్లు ఇచ్చేస్తాం.

ఇలా తప్పనిసరిగా వేసింది పన్ను లెక్కల్లో టిప్ కాదు, జీతం కిందకే వస్తుంది, కాబట్టి 2025 నుంచి 2028 వరకు టిప్పుల మీద ఏడాదికి 25,000 డాలర్ల దాకా ఉన్న ఫెడరల్ ఆదాయపన్ను మినహాయింపు దానికి వర్తించదు. టెక్సాస్‌లో సర్వర్లకు యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు, టిప్పులతో కలిపి కనీస వేతనమైన 7.25కి చేరకపోతేనే మిగతాది ఆయన వేయాలి. అందుకే విడిగా కొంత క్యాష్ ఆ అమ్మాయి చేతికే ఇచ్చాను (క్యాష్ అయినా సరే, నెలకు 20 డాలర్లు చేరితే యజమానికి లెక్క చెప్పాల్సిందే).

తిండికి నాలుగు స్టార్లు, బిల్లుకి ఒకటి.